కొంచెం బద్ధకించిన చందమామ

"పెద్ద విషయమేం కాదండీ," అన్నాడు ముసలాయన గుమ్మంలోనే నిలబడి. "నిన్న నా వల్ల ఒక మనిషి చచ్చిపోయాడు. మీకు తీరిక ఉంటే కాస్త వింటారేమోనని వచ్చాను."

తొందరమ్మ చేతిలోని టీ కప్పును సాసర్ మీద పెట్టేసింది. ప్రైవేటు డిటెక్టివ్ దగ్గర పనిచేస్తున్నందుకు ఆమె చాలా రకాల మనుషుల్ని చూసింది. చిల్లర దొంగతనాన్ని ప్రళయంలా వర్ణించేవాళ్లు ఎక్కువ. చావును చెప్పుల జత పోయినట్టు చెప్పిన మనిషిని చూడటం మాత్రం ఇదే మొదలు.

"కూర్చోండి," అన్నారు నిదానం గారు.

ఆయన అసలు పేరు ఊళ్లో ఎవరికీ అక్కర్లేదు. మెట్టు ఎక్కినా, చొక్కా గుండీ పెట్టుకున్నా, హంతకుణ్ణి పట్టుకున్నా ఒకటే వేగం. నిదానమే ప్రధానం అన్న సామెత ఈయన్ని చూసే పుట్టి ఉంటుందని తొందరమ్మకు గట్టి నమ్మకం. ఇక ఆమెకు ఆ పేరు తగిలించింది ఆయనే. తలుపు తట్టకముందే తీసే మనిషిని ఇంకేమని పిలుస్తారు?

ముసలాయన కుర్చీ అంచున కూర్చున్నాడు. నాటకశాలలో తెరలు, దీపాలు, అట్టమేఘాలు పైకీ కిందికీ నడిపే తాళ్లన్నీ ఆయన చేతిలోనే ఉంటాయట. అందరూ తాళ్ల తాత అంటారు. చనిపోయింది నాటకశాల యజమాని, పెద్దాయన. చివరి రంగంలో ముసలి రాజు సింహాసనంలో ప్రాణాలు విడుస్తుంటే వెనక చందమామ మెల్లగా కుంగుతుంది. చెక్కతో చేసి రేకు తొడిగిన చందమామ అది, మనిషంత ఎత్తు. నిన్న రిహార్సల్లో అది కుంగలేదు, ఊడి రాజు వేషంలో ఉన్న పెద్దాయన మీద పడింది.

"పొద్దున్నే తాడు చూశానండీ," అన్నాడు తాత. "కప్పీ దగ్గర పోగులు లేచాయి. పెద్దాయన ఇంకా రాలేదు. మేనేజరు గారికి చెప్పి, కొత్త తాడు కొనడానికి బజారుకెళ్లాను. వచ్చేసరికి అంతా అయిపోయింది."

"మేనేజరు గారికి ఏమని చెప్పారు? మీరన్న మాటే చెప్పండి, పొల్లుపోకుండా."

"చందమామ కొంచెం బద్ధకిస్తోందండీ, అన్నాను."

"అంతేనా?" తొందరమ్మ ఆగలేకపోయింది. "తాడు తెగేలా ఉందనీ, కింద ఎవరూ కూర్చోవద్దనీ చెప్పలేదా?"

"అలా అనకూడదమ్మా." తాత గొంతులో మొదటిసారి కాస్త గట్టిదనం వచ్చింది. "పైనుంచి 'అమ్మో, పడుతోంది!' అని అరిచామనుకో, కిందివాడు ఏం చేస్తాడు? తలెత్తి చూస్తాడు. ఎవడు చూడడు చెప్పు? చూస్తే మొహం మీదే పడుతుంది. అందుకే మా గురువు మాకు పెద్ద మాటలు మాన్పించాడు. 'కొంచెం బద్ధకిస్తోంది' అంటే చాలు, మా వాళ్లు తలెత్తకుండా పక్కకెళ్లిపోతారు. మా నాటకశాలలో అందరికీ తెలుసు. కానీ మేనేజరు గారు టికెట్ల గది మనిషి కదా. ఆయనకు తెలియదట. కొంచెమే కదా అనుకున్నారట. పెద్దాయనకు కూడా అదే మాట చెబితే, ఆయన నవ్వి కూర్చున్నారట."

"తాడు తెగితే ఆపడానికి ఇంకేమీ ఉండదా?"

"గొలుసు ఉంటుందండీ. ఉండాలి. కానీ కొక్కెం ఊడదీసి ఉంది. తాడు మార్చడానికి నువ్వే తీసి మర్చిపోయావంటున్నారు ఇన్‌స్పెక్టర్ గారు. తీసే ఉంటానేమో. వయసైపోయింది." తాత తన కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకున్నాడు. "ఆ కొక్కేనికి మా ఆవిడ చీర పీలిక చుట్టి ముడేస్తాను. ఒకప్పుడు ఎర్రది, ఇప్పుడు ఇటుకరంగుకొచ్చింది. అంచున చిన్న చిన్న తెల్ల చుక్కలు. అది విప్పకుండా కొక్కెం తెరుచుకోదు. గొలుసు తీసినప్పుడల్లా పీలికను ఇదిగో, ఇక్కడ కట్టుకుంటాను. మళ్లీ తగిలించేదాకా విప్పను, అన్నం తినేటప్పుడు కూడా."

"నిన్న కట్టుకున్నారా?"

"అదే గుర్తు లేదండీ. ఆయన్ని అలా చూశాక నా తలలో ఏమీ మిగల్లేదు. పీలిక కూడా కనిపించడం లేదు." ఆయన లేచి నిలబడ్డాడు. "సాయంత్రం ఇన్‌స్పెక్టర్ గారు వస్తారు, నా అజాగ్రత్త వల్లే చనిపోయారని సంతకం పెట్టమంటారు. పెట్టేస్తాను, దానికేముంది. కాకపోతే నేను నిజంగా చంపానో లేదో తెలుసుకుని పెడితే బాగుంటుందని."

ఆ చివరి మాటకు తొందరమ్మ గుండె చివుక్కుమంది. జైలుకు భయపడి వచ్చేవాళ్లను ఆమె ఎరుగును. ఈయన జైలుకు భయపడటం లేదు. తన నోటి నుంచి వచ్చిన ఒక చిన్న మాట, తన పెద్దాయనను చంపిందేమోనని భయపడుతున్నాడు.

తాత వెళ్లాక నిదానం గారు కోటు తొడుక్కుంటూ, "గోరంతను కొండంత చేసేవాళ్లతో మనకు పెద్ద చిక్కు లేదు తొందరమ్మా," అన్నారు. "గాలి తీసేస్తే సరిపోతుంది. కొండంతను గోరంత చేసేవాళ్లతోనే పని. ఇవాళ ఎవరు దేన్ని చిన్నది చేస్తున్నారో చెవి పెట్టి విను."

మూడో గుండీ పెట్టుకునేసరికి తొందరమ్మ వీధిలో ఉంది.

*

నాటకశాలలో పగటి వెలుతురు పైకప్పు దగ్గరి కిటికీల నుంచి మాత్రమే వస్తోంది. ప్రేక్షకుల కుర్చీలన్నీ మడిచి ఉన్నాయి. స్టేజీ మధ్యలో నలిగిన రేకు చందమామ బోర్లా పడి ఉంది. పక్కన ఒక మామూలు చెక్క కుర్చీ ముక్కలు. ఇన్‌స్పెక్టర్ ఏదీ కదపనివ్వలేదట.

నిదానం గారు చందమామను చూడలేదు. వంగి, కింద పరిచిన తివాచీని చూశారు. చూస్తూనే ఉన్నారు. తొందరమ్మ కూడా వంగింది. తివాచీలో నాలుగు లోతైన గుంటలు పడి ఉన్నాయి. కుర్చీ కాళ్లకు అంత ఎడం ఉండదు. ఏదో బరువైనది అక్కడ చాలాకాలం కూర్చుని లేచిపోయినట్టుంది.

"పైకెళ్లి చూసి రా," అన్నారాయన. "నేను ఎక్కేసరికి నాటకం అయిపోతుంది."

నిచ్చెన ఎక్కితే పైకప్పు కింద చెక్కల అటక. తెగిన తాడు చివర కప్పీ పక్కన వేలాడుతోంది. పోగులు పాతబడి, అరిగి తెగాయి, కోసిన గుర్తు లేదు. గొలుసు మాత్రం దూలానికి చక్కగా చుట్టి పెట్టి ఉంది. కొక్కెం తెరిచి ఉంది. పీలిక ఎక్కడా లేదు. అటకంతా చీపురు పెట్టి ఊడ్చినట్టు వెతికింది. చేతులకు మసి తప్ప ఏమీ అంటలేదు.

దిగి వచ్చేసరికి నిదానం గారు పక్క తెర వెనక, తెల్లదుప్పటి కప్పిన పెద్ద సోఫా మీద హాయిగా కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. పెద్దాయన శిష్యుడు, ఇప్పుడు కథానాయకుడి వేషాలు వేస్తున్నాడు. కుడి చేతికి గుడ్డ చుట్టి ఉంది.

"చేతికేమైంది బాబూ?"

"ఏం లేదండీ. గీసుకుంది."

"ఏదీ, చూడనీ."

కుర్రవాడు వెనక్కి లాక్కోబోయాడు గానీ, నిదానం గారు అప్పటికే పట్టుకున్నారు. ఎప్పుడు పట్టుకున్నారో తొందరమ్మ కూడా గమనించలేదు. గుడ్డ విప్పితే అరచేయి అడ్డంగా ఒలిచేసినట్టుంది. చర్మం లేదు.

"తాత లేడు కదా, నువ్వు కాస్త తాడు పట్టుకో, చిన్న పనే అన్నారు మేనేజరు గారు," అన్నాడు కుర్రవాడు నేల చూస్తూ. "నేను తాడు వదులుతుంటే పైన టప్పుమంది. కింది ముక్క నా చేతుల్లోంచి జారిపోయింది. గట్టిగా పట్టుకున్నాను. పట్టుకుంటే ఆగుతుందనుకున్నాను."

"పైన తెగిన తాడు కింద ఎంత పట్టుకుంటే మాత్రం ఆగుతుంది?"

"అప్పుడు అదంతా తోచలేదండీ." కళ్లు తుడుచుకున్నాడు. "మొన్న ఆయనతో గొడవ పడ్డాను. ఒక డైలాగు ఎలా చెప్పాలన్న దాని మీద. పెద్దదేం కాదు. కానీ నాతో ఆయన మాట్లాడిన చివరి మాటలు అవే. ఇప్పుడు తాడు నా చేతుల్లోనే తెగింది. జనం ఏమనుకుంటారు?"

"రాజు రోజూ చెక్క కుర్చీలోనే చచ్చిపోతాడా?"

"లేదండీ, ఈ సోఫాలోనే. సింహాసనం కింద వాడే మఖమల్ సోఫా, అద్దెకు తెచ్చింది. నాటకం మొదలుపెట్టినప్పటి నుంచీ ఇదే. నిన్న పొద్దున మేనేజరు గారు తీయించి కుర్చీ వేయించారు. దుమ్ము పడుతోందన్నారు."

నిదానం గారు దుప్పటి మీద అరచేత్తో రెండుసార్లు తట్టారు. ఇంకేమీ అడగలేదు.

*

పెద్దాయన కూతురు మేకప్ గదిలో అద్దానికి వీపు పెట్టి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బి ఉంది. తాళ్ల తాత పేరు ఎత్తగానే మంటెత్తిపోయింది.

"కొంచెమట, కొంచెం! తెగుతుంది అని ఒక్క ముక్క చెప్పి చావచ్చు కదా! నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. వచ్చి నా చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టాను. ఈ జన్మలో ఆయన మొహం చూడను."

"చెయ్యి పట్టుకోబోయినప్పుడు ఆయన చేతికి ఏమైనా కట్టి ఉందా అమ్మా?"

ఆమె తలెత్తింది. కోపం కాసేపు ఎక్కడికో పోయింది. "లేదు. వట్టి చెయ్యే. నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు తాత చేతికి ఎర్ర గుడ్డ ఉంటే నేను స్టేజీ ఎక్కకూడదని నాన్న రూలు. అప్పటి నుంచీ తాతను చూడగానే ముందు మణికట్టే చూస్తాను. బజారు నుంచి వచ్చినప్పుడు కొత్త తాడు చుట్ట భుజాన ఉంది. చేతికి గుడ్డ లేదు."

"తాత చెప్పిన మాట మీ నాన్నగారికి ఎవరైనా చెప్పడం మీరు విన్నారా?"

"నేను ముఖానికి రంగు వేసుకుంటున్నాను. మామయ్యే, అదే మేనేజరు, చెప్పానన్నాడు. నాన్న లెక్కచేయలేదట."

"మీ నాన్నగారికి ఈ మధ్య ఎవరితోనైనా మాటపట్టింపు?"

"అబ్బే, లేదు." కాసేపు దువ్వెన పళ్లు లెక్కపెడుతున్నట్టు తడిమింది. "మొన్న సాయంత్రం అందరం టీ తాగుతుంటే, ఇక నుంచి నాటకశాల నేనూ, ఆయన శిష్యుడూ నడపాలని చెప్పారు. మరి మీ బావమరిది సంగతేంటని ఎవరో అడిగారు. నాన్న నవ్వేసి, 'వాడికేముందిలే, ఏ మూలో పడి ఉంటాడు, టికెట్లు చింపుకుంటూ' అన్నారు. అందరూ నవ్వారు. మామయ్య కూడా నవ్వాడు. నాన్న మాటతీరే అంత. అదేం పెద్ద విషయం కాదు."

"అంతేలెండి," అన్నారు నిదానం గారు. కానీ గుమ్మం దాటాక చాలాసేపు నడవలోనే నిలబడిపోయారు.

*

మేనేజరు గది వీధి వైపు ఉంది. చిన్న కిటికీ, బల్ల, జిగురు డబ్బా, కత్తెర, టికెట్ల కట్టలు. నాటకం వాయిదా పడిందని నల్ల అంచుతో అచ్చు వేయించిన పోస్టర్లు ఓ పీలికతో చుట్టకట్టి గోడకు ఆనించి ఉన్నాయి. మేనేజరు నడివయసు మనిషి. మాట మెత్తన, చొక్కా మడత నలగదు.

"నాదీ తప్పే సార్," అన్నాడు మొదలే. "తాత వచ్చి చందమామ కొంచెం బద్ధకిస్తోంది అన్నాడు. నేను ఈ గది మనిషిని. స్టేజీ వాళ్ల మాటలు నాకేం తెలుసు? కొంచెం అంటే కొంచెమే అనుకున్నాను. అయినా బావ రాగానే చెప్పాను. ఆయన పట్టించుకోలేదు. తాత మీద నాకు కోపం లేదు. ముసలాడు, మాట పెగలదు."

"సోఫా తీయించారట?"

"అద్దె సోఫా కదండీ. రిహార్సల్‌కి ఎందుకని."

"అటక ఎక్కారా నిన్న?"

"నేనా?" నవ్వాడు. "నిచ్చెన చూస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి."

"మొన్న సాయంత్రం మీ బావగారు అన్న మాట..."

"అయ్యో, అదా! అదొక మాటా! బావ నన్ను ఎప్పుడూ అలాగే ఆటపట్టిస్తాడు. ఇంటికెవరొచ్చినా 'వీడా, మా బావమరిదిలెండి' అని పరిచయం చేసేవాడు. నేను నొచ్చుకునేవాణ్ణి కాదు. చిన్న విషయాలు సార్ ఇవన్నీ."

నిదానం గారు లేచి, ఒక పోస్టరు ఇస్తారా, గుర్తుగా దాచుకుంటాను అన్నారు. తొందరమ్మకు ఆశ్చర్యమేసింది. ఈయన గుర్తుగా దాచుకున్న వస్తువు ఆమె ఇంతవరకు చూడలేదు. మేనేజరు ముడి విప్పి ఒక పోస్టరు తీసిచ్చాడు. పీలిక జారి నేల మీద పడింది. నిదానం గారు వంగి తీసి ఇవ్వబోయారు.

"ఉండనివ్వండి సార్, ఏదో గుడ్డముక్క."

"అవును, గుడ్డముక్కే," అంటూ ఆయన దాన్ని బల్ల మీద జిగురు డబ్బా పక్కన జాగ్రత్తగా పెట్టారు.

బయటికి రాగానే తొందరమ్మ ఆయన మోచేయి పట్టుకుంది. "సార్, అది ఇటుకరంగు! అంచున చుక్కలు!"

"చూశాను."

"మరి తీసుకోరేంటి? పారేస్తాడు!"

"పారేయడు. ఏదో గుడ్డముక్క అన్నాడు కదా, అతనికది నిజంగానే గుడ్డముక్క. మనం తీసుకుంటేనే అది పీలిక అవుతుంది. నువ్వెళ్లి ఇన్‌స్పెక్టర్ గారిని తీసుకురా. ముందు ఆ గది బల్ల చూపించి, తర్వాత స్టేజీ మీదికి రమ్మను. ఇవాళ ఒక్కరోజు నీ తొందర నాకు పనికొస్తుంది."

*

సాయంత్రం స్టేజీ మీద ఆరు కుర్చీలు వేశారు. సరిగ్గా పెద్ద దీపం కింద. నాటకంలో సూర్యుడి వెలుగు కోసం వాడే ఇనప దీపం అది, ఇద్దరు మోస్తే గానీ కదలదు. ఒకవైపు మేనేజరు, మేనకోడలు, కుర్రవాడు. ఎదురుగా ఇన్‌స్పెక్టర్, తొందరమ్మ, నిదానం గారు. తాళ్ల తాతను మాత్రం, పైన ఏదో చూడాలంటూ అటక మీదికి పంపారు. ఆయన అక్కడ ఉన్నాడని కూతురు ఒక్కసారి కూడా పైకి చూడలేదు.

"త్వరగా కానివ్వండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నాకు సంతకం కావాలి. మీకు కథ కావాలి."

"నాకు కథేమీ అక్కర్లేదు," అన్నారు నిదానం గారు. "ఈ కేసులో అందరూ అన్నిటినీ చిన్నవి చేసి చెప్పారు. చేయి ఒలిచిపోతే గీసుకుంది అన్నాడు ఈ బాబు, గురువును కాపాడలేకపోయానన్న సిగ్గుతో. నలుగురిలో తండ్రి నోరు జారితే, అదేం పెద్ద విషయం కాదంది ఈ అమ్మాయి, పోయిన తండ్రిని తప్పుపట్టలేక. తాడు తెగబోతే కొంచెం బద్ధకిస్తోందన్నాడు తాత. ఆయన మాట విన్నవాళ్లకు అర్థం కాలేదు, అందుకే ప్రాణం పోయిందన్నది ఇప్పటిదాకా మనం అనుకుంటున్న..."

పైనుంచి తాత గొంతు, ఎవరినో టీకి పిలిచినంత మామూలుగా, వినిపించింది.

"ఏం లేదండీ. ఆ దీపం కొంచెం బద్ధకిస్తోంది."

ఇన్‌స్పెక్టర్ విసుగ్గా తలెత్తి చూశాడు. తొందరమ్మ కూడా. కిందికి చూసేసరికి ఎదుటి మూడు కుర్చీలూ ఖాళీ. కూతురు, కుర్రవాడు తలదించుకుని చెరో పక్కకూ నడిచిపోతున్నారు. మేనేజరు వాళ్లకంటే ముందే, దూరంగా, ఎడమవైపు తెర వెనక్కి చేరుకున్నాడు. ఆయన కూడా పైకి చూడలేదు. వీపు గోడకు ఆనించి నిలబడ్డాడు.

దీపం కదల్లేదు. దానికేమీ కాలేదు.

నిదానం గారు తన కుర్చీలోనే ఉన్నారు. "రండి మేనేజరు గారూ, పడదు," అన్నారు. "స్టేజీ మాటలు ఒంటబట్టని మనుషులు, వాటి అర్థం విన్నా సరే, ఏం చేస్తారో చూశారుగా. ఇన్‌స్పెక్టర్ గారిలా, మా తొందరమ్మలా తలెత్తి చూస్తారు. మీరు చూడలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికి ఒకడు. మీరు లేచి నడిచారు."

"అందరూ లేచారని లేచాను," అన్నాడు మేనేజరు.

"అందరికంటే ముందు లేచారు. పోనీ, అది వదిలేద్దాం. నాటకం మొదలైనప్పటి నుంచీ అద్దె సోఫా ఇక్కడే ఉంది. తివాచీలో గుంటలు పడేంతగా. తాత 'కొంచెం' అన్న ఆ పొద్దునే మీకు దాని మీద ప్రేమ పుట్టింది. సోఫాను తప్పించి అక్కడ చెక్క కుర్చీ వేశారు. చందమామ పడుతుందని నమ్మిన మనిషి చేసే పని అది. సోఫాకు చెప్పిన మాట మీరు బావగారికి చెప్పలేదు. చెప్పి ఉంటే, ఆ మాట తెలిసిన మనిషి అక్కడ కూర్చునేవారే కాదు."

కూతురు నోటి మీద చేయి పెట్టుకుంది.

"అయినా తాడు తెగితే గొలుసు ఆపుతుంది. తాత బజారుకెళ్లాడు, మిగతావాళ్లు ముఖాలకు రంగు వేసుకుంటున్నారు. మీరు అటక ఎక్కారు. పీలిక విప్పి జేబులో పెట్టుకున్నారు, కొక్కెం తీశారు, తాడు ఈ బాబు చేతికిచ్చారు. ఇక ముసలాడి మాట మీద నేరం తోసేస్తే సరి. తాతే గొలుసు తీసి ఉంటే పీలిక ఆయన మణికట్టున ఉండాలి. లేదని ఈ అమ్మాయి చూసింది. మరి ఎక్కడుంది?"

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఇటుకరంగు పీలిక తీశాడు. "మీ బల్ల మీద. జిగురు డబ్బా పక్కన."

మేనేజరు దాని వంక అర్థం కానట్టు చూశాడు. నిజంగానే అర్థం కాలేదు.

"తాత మాటలు మీకు తెలుసు, ఎందుకంటే అవి మీ తల కాపాడతాయి," అన్నారు నిదానం గారు. "ఆయన మణికట్టు మీరు ఏనాడూ చూడలేదు. అది ఆయన గొడవ కదా. మిమ్మల్ని మీ బావగారు చూసినట్టే మీరు ఆయన్ని చూశారు."

"బావ చూసినట్టా?" మెత్తటి గొంతు ఒక్కసారిగా చిట్లింది. "మీకేం తెలుసు? ఈ నాటకశాలకు గోడలు లేచినప్పటి నుంచీ ఉన్నాను! వానలో నిలబడి పోస్టర్లు అంటించాను. ఒక్కరోజు, ఒక్కరోజైనా నా పేరు పెట్టి పరిచయం చేశాడా? కూరలో కరివేపాకులా తీసి పక్కన పడేశాడు. నా ముందే, అందరి ముందే! నన్ను నవ్వమన్నాడు, నవ్వాను. ఎన్నేళ్లు నవ్వను?"

ఆ మాటల్లో నిజం ఉంది. తొందరమ్మకు అతని మీద జాలి కూడా కలిగింది, తర్వాతి మాట వినేదాకా.

"అయినా నేనేం చేశాను? నరికానా, పొడిచానా? తాడు అదే తెగింది. నేనొక కొక్కెం తీశాను. అంతేగా. చిన్న కొక్కెం."

"మామయ్యా," అంది కూతురు.

ఇన్‌స్పెక్టర్ అతని భుజం మీద చేయి వేసి తీసుకెళ్లాడు. వెళ్తూ వెళ్తూ కూడా మేనేజరు చొక్కా మడత సర్దుకున్నాడు.

*

తాళ్ల తాత నిచ్చెన దిగి వచ్చి, చివరి మెట్టు పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. పైనుంచి అంతా విన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఇచ్చి వెళ్లిన పీలికను నిదానం గారు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టారు. కేసు కోసం మళ్లీ అడుగుతారు, ఇవాళ్టికి ఉంచుకోండి అన్నారు.

"మీ మాట ఎవరినీ చంపలేదు తాతా. అది చేరాల్సిన చెవికి చేరింది. అర్థం కూడా అయింది."

తాత తలాడించాడు. ఆ మాటకు ఆయన ముఖం తేలికపడుతుందని తొందరమ్మ ఎదురుచూసింది. పడలేదు. హంతకుడు కాదని తెలిసిన మనిషికి అప్పుడే మొదటిసారి, పోయిన మనిషి కోసం ఏడవడానికి తీరిక దొరికింది.

కూతురు నెమ్మదిగా దగ్గరికి వచ్చింది. నిన్న విదిలించి కొట్టిన ఆ చేతినే రెండు చేతులతో పట్టుకుంది.

"దెబ్బ తగిలిందా తాతా?"

"ఏం లేదమ్మా. కొంచెం..."

"కొంచెం అనకు." ఆమె ఆ చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. "పైన ఉన్నప్పుడు అను, అక్కడ నాకు అర్థమవుతుంది. ఇక్కడ మాత్రం ఎంత ఉంటే అంతే చెప్పు."

తాత నోరు తెరిచాడు. పెద్ద మాటలు వాడి ఎన్నేళ్లయిందో, పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. పీలిక పట్టుకున్న చేతిని గుండెకు ఆనించుకుని, ఆ పిల్ల భుజం మీద తల వాల్చి, నాటకశాల చివరి వరుస దాకా వినిపించేంత పెద్దగా ఏడ్చాడు.

తొందరమ్మ కళ్లు తుడుచుకుని పక్కకు చూసింది. నిదానం గారు అక్కడ లేరు. జీవితంలో మొదటిసారి ఆమె కంటే ముందు వీధిలోకి వెళ్లి నిలబడ్డారు.